ఒక్కరోజు సెలవుకు ఏ కొండ: మంగళగిరి, కొండవీడు, కొండపల్లి

విజయవాడలో గాని గుంటూరులో గాని ఉండేవారు కొండ ప్రాంతానికి వెళ్దామనుకున్న వెంటనే అరకు పేరే తలుచుకుంటారు. అరకు అందమైనదే, కాని విశాఖపట్నం దాకా ప్రయాణం, అక్కడినుండి ఘాట్ దారి, తిరుగు ప్రయాణం లెక్క వేసుకుంటే మూడు రోజులైనా చేతిలో ఉండాలి. ఒక్క ఆదివారం మాత్రమే ఖాళీ దొరికే కుటుంబానికి, ఇంటి నుండి గంట, గంటన్నర దూరంలో కొండ, కొండ మీద కోటో గుడో, కొండ కింద వందల ఏళ్ళ చరిత్ర ఉన్న ఊరు కలిసి ఉన్న చోట్లు మూడు ఉన్నాయి. అవి మంగళగిరి, కొండవీడు, కొండపల్లి. ఈ మూడింటిలో ఏది ఎవరికి తగినదో తేల్చుకోవడానికి ఈ వ్యాసం ఉపయోగపడాలని నా కోరిక. మూడింటికీ నేను చాలాసార్లు వెళ్ళాను. ఒకసారి తప్పు కొండను, తప్పు నెలలో, తప్పు వేళకు ఎంచుకుని మధ్యలోనే వెనక్కి వచ్చాను కూడా. ఆ సంగతి తన చోట చెబుతాను.

ముందుగా ఒక మాట. ఎంపికకు మొదటి కొలమానం దూరం కాదు, మీతో వచ్చేవారిలో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మను, అయిదేళ్ళ పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని కొండవీటి బురుజులన్నీ చూడాలనుకుంటే అమ్మకూ తృప్తి ఉండదు, మీకూ ఉండదు. అందరూ ఇరవై, ముప్పై ఏళ్ళవారై, నడవడానికే బయలుదేరితే మంగళగిరి రెండు గంటల్లో అయిపోతుంది.

మంగళగిరి విజయవాడకు సుమారు 13 కిలోమీటర్లు, గుంటూరుకు సుమారు 20 కిలోమీటర్లు. రెండు ఊళ్ళ మధ్య తిరిగే బస్సులు ఈ దారినే వెళ్తాయి కాబట్టి సొంత వాహనం లేనివారికి ఇంతకన్నా సులువైన కొండ లేదు. పానకాల నరసింహస్వామి గుడికి మెట్ల దారి ఉంది, వాహనాలు వెళ్ళే ఘాట్ రోడ్డు కూడా ఉంది. నడవగలిగినవారు మెట్లనే ఎక్కాలని నా సలహా. దారిలో కుడి పక్కన శ్రీకృష్ణదేవరాయల శాసనం కనిపిస్తుంది, ఇంకాస్త పైకి వెళితే చైతన్య మహాప్రభువు పాదముద్రలని చెప్పే చోటు వస్తుంది. ఘాట్ రోడ్డున వెళ్ళేవారికి ఇవి రెండూ తప్పిపోతాయి.

పైన గుడిలో జరిగేది ఒకసారి దగ్గర నుండి చూడవలసినదే. గర్భాలయంలో స్వామికి విగ్రహం ఉండదు, కొండలోనే తెరుచుకున్న నోరు ఉంటుంది. అర్చకుడు శంఖంతో బెల్లం పానకం పోస్తుంటే లోపల గుటక వేస్తున్నట్టు శబ్దం వినిపిస్తుంది. ఒక స్థాయి వచ్చాక ఆ శబ్దం ఆగిపోతుంది. అర్చకుడు పోయడం ఆపి, మిగిలిన పానకాన్ని భక్తులకే ప్రసాదంగా ఇచ్చేస్తాడు. ఇన్ని బిందెల బెల్లం నీళ్ళు పోసే చోట చీమలు కనిపించవని భక్తులు చెప్పుకుంటారు. మొదటిసారి వెళ్ళే పిల్లలు నేలంతా వెతికి చూస్తారు, వెతకనివ్వండి. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. రాత్రివేళ దేవతలు పూజిస్తారన్న నమ్మకం వల్ల ఈ గుడిని మధ్యాహ్నం దాటాక మూసేస్తారు. సాయంత్రం చల్లబడ్డాక వెళ్దామనుకునేవారికి స్వామి దర్శనం దొరకదు. ఇంకా పైకి ఎక్కగలిగితే శిఖరాన దీపం వెలిగించే గండాలయం ఉంది.

కొండ కింద లక్ష్మీనరసింహస్వామి ఆలయ గాలిగోపురాన్ని అమరావతి జమీందారు రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1807-09 మధ్య కట్టించాడు. పదకొండు అంతస్తులు, 153 అడుగుల ఎత్తు. దాని అడుగున నిలబడి తల ఎత్తితే అంత సన్నటి గోపురం అంత ఎత్తుకు ఎలా నిలిచిందన్న ఆశ్చర్యం ఇప్పటికీ కలుగుతుంది. అక్కడి నుండి నేత వీధుల్లోకి నడిస్తే గుంట మగ్గాల చప్పుడు ఇంకా వినిపిస్తుంది. మంగళగిరి నూలు చీరకు ఒంటి నిండా బుటాలు ఉండకపోవడమే దాని అందం. బిగువైన నేత, అంచున జరీతో వచ్చే నిజాం అంచు, ఉతికిన కొద్దీ మెత్తబడే నూలు, ఇవే దాని గుర్తులు. పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబానికి, పూట మాత్రమే సమయం ఉన్నవారికి మంగళగిరిని మించినది లేదు. అయితే ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాల రోజుల్లో ఊరంతా జనంతో నిండిపోతుంది. ఆ ఉత్సవం కోసమే అయితే వెళ్ళండి, కొండను నింపాదిగా చూడటం కోసమైతే ఆ రోజులు వద్దు.

కొండవీడు దీనికి పూర్తిగా వేరు. గుంటూరు నుండి సుమారు 25 కిలోమీటర్లు, చిలకలూరిపేట వైపు వెళ్ళే జాతీయ రహదారి నుండి పక్కకు తిరగాలి. 2022లో జిల్లాలు విడిపోయాక ఇది పల్నాడు జిల్లాలోకి వచ్చింది. గుంటూరువారికి ఇది దగ్గర, విజయవాడవారికి మాత్రం పొద్దున్నే బయలుదేరితే తప్ప తీరదు. ఇటీవలి సంవత్సరాలలో కొండ మీదికి ఘాట్ రోడ్డు వేసిన తరువాత కారులోనో మోటారు సైకిల్ మీదనో పైకి చేరుకోవడం సులువైంది. బస్సు మీద ఆధారపడేవారు కొండ కింద దిగాక ఏమి చేయాలో ముందే ఆలోచించుకోవాలి, ఆటో మాట్లాడుకోవలసి వస్తుంది.

పైకి చేరాక అసలు నడక మొదలవుతుంది. కొండల వరుస మొత్తం మీద పరచుకున్న కోట ఇది. ఎత్తైన శిఖరం దాదాపు 1,700 అడుగులు. ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు అని మూడు చెరువులు కొండ మీదే ఉన్నాయి. ఎండాకాలంలోనూ దండుకు తాగునీరు ఉండేలా ఒకదాని తరువాత ఒకటి కట్టిన ఆ ఏర్పాటును నింపాదిగా చూస్తే, ఈ కోటను శత్రువులు అంత తేలికగా ఎందుకు పట్టుకోలేకపోయారో అర్థమవుతుంది. రెండు ద్వారాలను కొలేపల్లి దర్వాజా, నాదెళ్ళ దర్వాజా అంటారు. బురుజులు కొన్ని చెట్ల మధ్య సగం కూలి ఉన్నాయి. నీడ తక్కువ, నడక ఎక్కువ. అద్దాల మేడలాగా నిలిచి ఉన్న రాజమహలును చూడాలని వెళ్ళేవారికి ఇక్కడ నిరాశే ఎదురవుతుంది. రాళ్ళను బట్టి ఊహించుకోగలిగినవారికి మాత్రం ఇది మూడింటిలోకెల్లా పెద్ద విందు.

ఆ ఊహకు ఆధారంగా కొంత చరిత్ర తెలుసుకుని వెళ్ళడం మంచిది. కాకతీయ రాజ్యం పడిపోయాక ప్రోలయ వేమారెడ్డి 1325 ప్రాంతంలో అద్దంకి రాజధానిగా రెడ్డి రాజ్యాన్ని నిలబెట్టాడు. అతని తరువాత వచ్చిన అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. కుమారగిరిరెడ్డి కాలంలో ఇక్కడ వసంతోత్సవాలు ఎంత ఘనంగా జరిగేవంటే అతనికి కర్పూర వసంతరాయలన్న బిరుదు వచ్చింది. ఆ ఉత్సవాలకు కావలసిన సుగంధ ద్రవ్యాలను అవచి తిప్పయ్యసెట్టి అనే వర్తకుడు సముద్రాల మీదుగా తెప్పించేవాడు. పెదకోమటి వేమారెడ్డి ఆస్థానంలో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నది ఈ కొండ నీడలోనే. చివరి రాజు రాచవేమారెడ్డి పురిటికి కూడా పన్ను వేశాడని, ఆ పన్ను అడగబోయినప్పుడే సవరం ఎల్లయ్య అనేవాడు అతన్ని పొడిచి చంపాడని, ఊళ్ళ చరిత్రలను రాసి ఉంచిన పాత రికార్డులైన కైఫీయతులు చెబుతాయి. తెలుగు చదువుకున్నవారికి ఈ పేర్లన్నీ బడిలో విన్నవే. వాటిని తలుచుకుంటూ ముత్యాలమ్మ చెరువు గట్టు మీద కూర్చుంటే కలిగే అనుభవం మరెక్కడా దొరకదు. కొండ కింద గోపీనాథస్వామి ఆలయం, దాని పక్కన కత్తుల బావి కూడా చూడాలి. శత్రు నాయకులను ఒక్కొక్కరిగా రప్పించి, కత్తులు పాతిన బావిలోకి తోసి చంపించారన్న కథను అక్కడి పెద్దలు చెబుతారు. అది కథగానే వినాలి, కాని వినాలి.

ఇక ముందు చెప్పిన నా పొరపాటు కొండవీటిలోనే జరిగింది. ఒక ఏప్రిల్ నెల ఆదివారం, ఇంట్లో ఇడ్లీలు తిని తీరిగ్గా బయలుదేరి, పది గంటలు దాటాక కొండ మీదికి చేరాము. అయిదుగురికి రెండు సీసాల నీళ్ళు. మొదటి బురుజు దగ్గరే ఒక సీసా ఖాళీ అయింది. రాళ్ళ వేడి చెప్పుల్లోంచి పాదాలకు తగులుతుండగా, వెంట వచ్చిన మా పిన్ని ఒక చెట్టు కింద కూర్చుని ఇక లేవలేనన్నది. చెరువులు రెండు చూడకుండానే దిగివచ్చాము. పల్నాడు ఎండ ఎంతటిదో రెంటచింతల పేరు విన్న ప్రతివారికీ తెలుసు, మేమూ ఎరుగుదుము, అయినా లెక్కచేయలేదు. అందువల్ల గట్టిగా చెబుతున్నాను: మార్చి నుండి జూన్ వరకు కొండవీటిని తలపెట్టవద్దు. వానలు తగ్గి చెరువులు నిండుగా ఉండి, కొండంతా పచ్చబడి, సీతాఫలాలు పండే రోజుల నుండి జనవరి చివరి దాకా వెళ్ళవచ్చు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, పులిహోరో పెరుగన్నమో ఇంటి నుండే కట్టుకుని వెళ్ళండి. కోతులుంటాయి కాబట్టి ఆహారం చేతిలో పట్టుకుని నడవకుండా సంచిలోనే ఉంచుకోవాలి.

మూడవది కొండపల్లి. విజయవాడకు సుమారు 20 కిలోమీటర్లు. ఇబ్రహీంపట్నం మీదుగా బస్సులున్నాయి, విజయవాడ-కాజీపేట మార్గంలో రైల్వే స్టేషను కూడా ఉంది. మొదటిసారి వెళ్ళేవారు ఏదో ఒక్కటే ఎంచుకోవలసి వస్తే నేను కొండపల్లినే చెబుతాను. దానికి నా కారణం ఇది. మంగళగిరిలో గుడి ప్రధానం, కొండ దానికి తోడు. కొండవీటిలో కొండ, కోట ఉన్నాయి, కింద ఊరు చిన్నది. కొండపల్లిలో మాత్రం పైన చూడదగిన కోట, కింద బతికి ఉన్న ఊరు, ఆ ఊరి చేతి పని, చుట్టూ అడవి, నాలుగూ ఒక్క రోజుకు సరిపోయినంతగా దొరుకుతాయి.

కోట 14వ శతాబ్దంలో రెడ్డి రాజుల కాలంలో కట్టినది. తరువాత ఒడిశా నేలిన గజపతుల చేతికి, శ్రీకృష్ణదేవరాయల చేతికి, గోల్కొండ సుల్తానుల చేతికి, మొగలుల చేతికి మారుతూ చివరికి 1766లో ఇంగ్లీషువారికి వచ్చింది. ఆ కాలపు పాలనా విభాగాలైన ఉత్తర సర్కారుల్లో ఒకటైన ముస్తఫానగర్ సర్కారు అంటే ఈ కొండపల్లే. అలాగే కొండవీటి ప్రాంతమంతా ముర్తజానగర్ సర్కారు. పాత రికార్డులు చదివేవారికి ఈ పేర్లు తెలిసి ఉంటే మేలు. కోటలోకి వెళ్ళే ప్రధాన ద్వారాన్ని దర్గా దర్వాజా అంటారు, కొండకు రెండవ కొసన జగ్గయ్యపేట వైపు తెరుచుకునేది గోల్కొండ దర్వాజా. లోపల మూడంతస్తుల రాతి బురుజు, తానీషా మహలు, దాని దగ్గర లోతైన కోనేరు, గజశాల, జైల్‌ఖానా ఉన్నాయి. ఇటీవల మరమ్మతులు చేయడంతో నడిచే దారులు బాగుపడ్డాయి. కొండవీటిలో ఊహించుకోవలసింది ఇక్కడ కళ్ళతో చూడవచ్చు. గోడల మీది నుండి ఒక పక్క కృష్ణానది, మరో పక్క థర్మల్ విద్యుత్ కేంద్రం గొట్టాలు కనిపిస్తాయి. ఆ గొట్టాలు దృశ్యాన్ని పాడుచేస్తున్నాయని కొందరు నొచ్చుకుంటారు. ఈ ప్రాంతపు చరిత్రలో అవీ ఒక భాగమే కనుక నాకు అలా అనిపించదు.

వాహనంలో పైదాకా వెళ్ళే దారి ఉంది కాబట్టి పెద్దవాళ్ళతోనూ కోట చూడవచ్చు. నడకే కావాలనుకునేవారికి కొండపల్లి అడవి ఉంది. అదే అడవి అంచున మూలపాడు దగ్గర సీతాకోకచిలుకల పార్కు, అక్కడినుండి లోపలికి నడక దారులు ఉన్నాయి. అయితే అడవిలోకి ఒంటరిగా వెళ్ళవద్దు, దారి తెలిసినవారితో, అటవీ సిబ్బందికి చెప్పి వెళ్ళడమే పద్ధతి. వాన పడిన వారం తరువాత ఉదయం పూట వెళితే సీతాకోకచిలుకలు ఎక్కువగా కనిపిస్తాయి.

కోట దిగాక బొమ్మల కాలనీకి తప్పక వెళ్ళాలి, అదీ కొట్టు దగ్గరే ఆగిపోకుండా, పని జరిగే ఇంటి అరుగు దగ్గర అనుమతి అడిగి కాసేపు కూర్చోవాలి. చుట్టుపక్కల అడవిలో దొరికే తెల్ల పొణికి కర్ర చాలా తేలిక. సన్నని సెగ మీద దానిలోని చెమ్మంతా పోయేదాకా కాచి, ఆ తరువాత ఉలితో చెక్కుతారు. తల, చేతులు, కాళ్ళు వేరు వేరుగా చేస్తారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతికించి, అతుకు మీద అదే మక్కును వేలితో సర్ది నునుపు చేస్తారు. నేను చూసినది ఎడ్లబండి. బండి తోలేవాడి కుడి చేయి అతికించాక ఆ కళాకారుడు బొమ్మను కంటికి దగ్గరగా పెట్టుకుని, మోచేయి ఒక నూలు పోగంత పైకి జరిపాడు. ఆ జరపడంతోనే ఆ మనిషి నిజంగా ఎడ్లను అదిలిస్తున్నట్టు అయ్యాడు. ఆపైన సున్నం పూత, అది ఆరాక మేక వెంట్రుకల కుంచెతో రంగులు. తాటిచెట్టు ఎక్కే గీతకారుడు, అంబారీ ఏనుగు, దశావతారాలు అన్నీ ఈ వరుసలోనే తయారవుతాయి. ఈ పని చేసేవారు ఆర్యక్షత్రియులు. తమ పెద్దలు శతాబ్దాల క్రితం రాజస్థాన్ నుండి వచ్చారని వారు చెబుతారు.

బొమ్మ కొనేటప్పుడు ఒక తేడా గుర్తుంచుకోవాలి. గుండ్రంగా, నున్నగా, లక్క మెరుపుతో ఉన్నవి ఏటికొప్పాక బొమ్మలు. అవి అంకుడు కర్రను తిరుగుడు యంత్రం మీద తిప్పి చేసేవి, వాటి అందం వాటిదే, కాని అవి కొండపల్లివి కావు. కొండపల్లి బొమ్మ చేతిలోకి తీసుకుంటే ఆకారానికి మించి తేలికగా ఉంటుంది, ముఖంలో ఒక్కో బొమ్మకూ ఒక్కో కవళిక ఉంటుంది. చేసినవారి చేతికే డబ్బు ఇవ్వండి. గీచి గీచి బేరమాడటం ఇక్కడ తగదని నా నమ్మకం. ఒక దశావతారాల వరుసకు ఎన్ని రోజుల పని పడుతుందో కళ్ళారా చూసినవారికి నోరు కూడా రాదు.

గుంటూరు నుండి పశ్చిమంగా ఉండేవారు కోటప్పకొండ సంగతి ఏమిటని అడుగుతారు. నరసరావుపేట దగ్గరి ఆ త్రికూట పర్వతానికి ఘాట్ రోడ్డు ఉంది, కుటుంబంతో వెళ్ళడానికి హాయిగా ఉంటుంది. మహాశివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళవారు కట్టుకువచ్చే విద్యుత్ ప్రభలను జీవితంలో ఒకసారైనా చూడాలి. కాని అది క్షేత్రయాత్ర. నడక, కోట, ఊరి చరిత్ర కోసం వెతికేవారి ఎంపిక జాబితాలో దానిని చేర్చలేదు. ఉండవల్లి గుహలను మాత్రం మంగళగిరి ప్రయాణంలోనే కలుపుకోవచ్చు, దారికి పెద్దగా పక్కకు కాదు.

రెండు కొండలు ఒకే రోజున చూడాలనే తొందర వద్దని అనుభవం మీద చెబుతున్నాను. ఉదయం కొండవీడు, సాయంత్రం మంగళగిరి అనుకుంటే పానకాలస్వామి గుడి మూసి ఉంటుంది. ఉదయం కొండపల్లి కోట, మధ్యాహ్నం మంగళగిరి అనుకుంటే బొమ్మల కాలనీలో పది నిమిషాలే మిగులుతాయి. మూడు ఆదివారాలు దొరికితే మూడింటినీ ఒక వరుసలో చూడవచ్చు. ఆ వరుసను చరిత్రే ఇస్తుంది. కళింగ దండయాత్రలో కృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరిని, 1515 జూన్ 23న కొండవీటిని, ఆ తరువాత కొండపల్లిని గెలుచుకున్నాడు. కొండవీటిలో గజపతి కుమారుడు వీరభద్రుడు పట్టుబడ్డాడు. కొండవీటి విజయాన్ని చెప్పే శాసనం మంగళగిరిలో ఉంది. కాబట్టి నవంబరులో ముందు మంగళగిరి వెళ్ళి ఆ శాసనాన్ని చూడండి. డిసెంబరులో, ఎండ మెత్తబడ్డ ఒక ఉదయం, ఏడు గంటలకల్లా కొండవీటి మీద ఉండండి. కొండపల్లిని జనవరి మొదటి వారానికి అట్టిపెట్టుకోండి. అప్పటికి సంక్రాంతి బొమ్మల కొలువు కోసం ప్రతి ఇంటి అరుగు మీద కొత్త రంగులు ఆరుతూ ఉంటాయి, మీ కొలువులో ఏ మెట్టు ఖాళీగా ఉందో పిల్లలనే చెప్పనిచ్చి, ఆ మెట్టుకు తగిన బొమ్మను వాళ్ళ చేతులతోనే ఎంచుకోనివ్వవచ్చు.